కూర్మారావు నిష్క్రమణ

'అద్దెకు బొమ్మలు' సినిమాలో కానిస్టేబులు కూర్మారావు కనిపించేది మొత్తం కలిపినా ఒక పాటంత సేపు కూడా ఉండదు. పోస్టరు మీద అతను లేడు. అతనికి గొంతు అరువిచ్చినవాడి పేరు టైటిల్స్‌లో డ్రైవర్ల పేర్ల తరవాత వచ్చింది. అతనొక తాబేలు. మనిషి మోకాలి ఎత్తుంటాడు. డొప్ప మీద ఖాకీ చొక్కా బొత్తాలు అందక విడిపోయి ఉంటుంది. తల మీద టోపీ, మెడలో ఈల, చంకలో లాఠీ. సినిమాలో దొంగతనం జరిగిన ప్రతిసారీ, దొంగపిల్లి గోడ దూకి పారిపోయాక, ఈల ఊదుకుంటూ గుమ్మంలోకి వచ్చి "వచ్చీసాను!" అంటాడు. ఇంటి యజమానురాలి వేషం వేసిన హైమావతి నడుం మీద చేతులు పెట్టుకుని, "దొంగ ఎల్లిపోనాడు గానీ, కూర్చో నాయనా, కాఫీ తాగు" అంటుంది. హాల్లో పిల్లలు నవ్వుతారు. సీను అక్కడికి కట్.

ఇంత చిన్న వేషగాడి వల్ల ఒక సంసారం తలకిందులవుతుందని ఎవరూ అనుకోలేదు. అనుకోవలసినవాళ్లు ఆ సమయానికి వేరే పనిలో ఉన్నారు.

మనుషులూ బొమ్మలూ కలిసి నటించే సినిమాలకు పాత జబ్బొకటి ఉంది. బొమ్మ ఆ తరవాతెప్పుడో కంప్యూటర్లో పుడుతుంది. షూటింగు రోజున దాని చోట కర్రకు గుచ్చిన పచ్చబంతి మాత్రమే ఉంటుంది. నటులు ఆ బంతిని చూసి భయపడాలి, మురిసిపోవాలి, తిట్టాలి. ఎంతటివాళ్లకైనా చూపు ఓ జానెడు అటో ఇటో పోతుంది. టిక్కెట్టు కొన్నవాడు దాన్ని ఇట్టే పట్టేస్తాడు. విశాఖపట్నంలో సముద్రం కనిపించే కొండ మీద స్టూడియో కట్టినవాళ్లు ఈ జబ్బు కుదర్చాలనుకుని డాక్టర్ ఇందుమతిని పిలిచారు. ఆవిడ మెదడు మీద పరిశోధన చేసే మనిషి. చూపు లేనివాళ్లకు శబ్దం ద్వారా ఆకారాలు చూపించవచ్చునా అని ఏళ్ల తరబడి కష్టపడుతోంది. ఆ పనికి చేయూతనిచ్చే నాథుడు దొరకలేదు గానీ సినిమాకు దొరికాడు. లోకం తీరు ఎప్పుడూ అంతే కాబట్టి ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు.

ఆవిడ ఒక టోపీ తయారు చేసింది. దాని లోపలంతా అయస్కాంతపు తీగచుట్టలు. నటులు అది పెట్టుకుని కూర్చుంటే ఎదుట తెర మీద బొమ్మ వచ్చేది, దానితో పాటే ఆ బొమ్మకు కేటాయించిన చప్పుడూ వినిపించేది. కొన్నాళ్లు అలా అలవాటయ్యాక టోపీ, తెర రెండూ అక్కర్లేదు. చప్పుడు వినపడితే చాలు, మెదడే బొమ్మను తెచ్చి ఎదురుగా నిలబెడుతుంది. దొంగపిల్లి రావాలంటే మువ్వ మోగించేవారు. పోవాలంటే తలుపు గడియ చప్పుడు వినిపించేవారు. ఇలా ప్రతి బొమ్మకూ రాకకొక చప్పుడు, పోకకొక చప్పుడు. మొదటి రోజు షాట్లు చూసుకుని దర్శకుడు పచ్చబంతులన్నీ గోదాములో పడేయించాడు.

కూర్మారావు రాకకు ఈల పెట్టారు. పోకకు ఏమీ పెట్టలేదు. కథలో అతను ఎక్కడికీ పోడు మరి. చివర్లో దొంగను పట్టుకుని స్టేషనుకు తీసుకుపోయే సీనొకటి రాసుకున్నారు గానీ నిడివి ఎక్కువైందని తీసేశారు. ఇతని పోక సంగతేమిటని ఇందుమతి అడిగితే, వాడు రావడమే జోకు, పోవడం ఎవడు చూస్తాడండీ అన్నాడు దర్శకుడు. చిన్న వేషాల దగ్గర సినిమావాళ్ల పద్ధతి అది. ఎంట్రీ ఉంటే చాలు, ఎగ్జిట్ సంగతి ఎవరికీ గుర్తుండదు. షూటింగు అయిపోయాక చప్పుళ్లు వినపడవు కనక బొమ్మలన్నీ వాటంతటవే మాసిపోతాయని ఇందుమతి అనుకుంది. కూర్మారావుతో సీన్లు లేని మిగతా నటులందరి విషయంలోనూ అదే జరిగింది.

హైమావతి ఇంట్లో ప్రెషర్ కుక్కరుంది.

ఆమెది విజయనగరం. నాటకాల నుంచి సినిమాలకు వచ్చి, ఎందరో హీరోలకు అమ్మగా, అత్తగా, పక్కింటి పిన్నిగారిగా నటిస్తూనే తల నెరిసింది. భర్త కొండలరావు సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. ఆయనది నరసన్నపేట దగ్గర పల్లె. ఖాకీ బట్టలు వేసుకున్న రోజునే ఊరి యాస విడిచిపెట్టి, పంచనామా చదువుతున్నట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు. రిటైరయ్యాక బట్టలు మారాయి గానీ మాట మారలేదు. పిల్లలు లేని ఇల్లు. ఆయన పొద్దున పేపరు పట్టుకుంటే మళ్లీ మాట వినపడేది భోజనాల వేళకే.

తన భాగం షూటింగు ముగించుకుని వచ్చిన మర్నాడు హైమావతి పప్పు పెట్టింది. కుక్కరు కూత వేసింది. వంటింటి గుమ్మంలో కూర్మారావు నిలబడి "వచ్చీసాను!" అన్నాడు. ఆమె అలవాటు కొద్దీ కాఫీ తాగమనేసి, తరవాత తనలో తను నవ్వుకుంది. రెండో కూతకు రెండో కూర్మారావు వచ్చి మొదటివాడి పక్కన నిలుచున్నాడు. మూడో కూతకు మూడోవాడు. పప్పు ఉడికింది. ముగ్గురు కానిస్టేబుళ్లూ ఆమె నిద్రపోయేదాకా ఆ గుమ్మంలోనే ఉన్నారు.

ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన కష్టమేమీ అందులో కనిపించలేదు. కూర్మారావు తిండి పెట్టమనడు, కాలికి అడ్డం పడడు. వంట చేస్తూ నాలుగు మాటలు మాట్లాడితే వినే మొహం పెట్టి నిలబడతాడు. ఆ ఇంట్లో అప్పటిదాకా ఆ పని ఎవరూ చెయ్యలేదు. కొత్తలో ఆమెకు అది పండగలాగే ఉంది.

ఆ తరవాత ముఖాలు పోవడం మొదలుపెట్టాయి. ముందు కూరగాయల మనిషి, తరవాత పై అంతస్తు టీచరమ్మ, ఆ తరవాత ముప్ఫై సినిమాల్లో తనతో నటించిన స్నేహితురాలు. అందరి కళ్లూ, ముక్కూ, నోరూ బాగానే కనిపిస్తున్నాయి. అవి ఎవరివో మాత్రం తెలియడం లేదు. మెదడులో కూర్మారావుకు చోటిచ్చిన అర, తెలిసినవాళ్ల ముఖాలు దాచుకునే అరకు ఆనుకునే ఉంది. కుక్కరు కూసినప్పుడల్లా అతను ఒక గది అద్దెకు దిగి పక్క గది కూడా ఆక్రమించుకుంటూ వచ్చాడు. ఆమె నటి కాబట్టి నెట్టుకొచ్చింది. ఎవరొచ్చినా "రా రా, ఎన్నాళ్లయింది చూసి" అని నవ్వుతూ నిలబడేది. అవతలి మనిషి నోరు విప్పగానే గొంతును బట్టి పోల్చుకునేది. ఈ ఎత్తు చాలాకాలం పారింది.

ఒక ఆదివారం కొండలరావు మంగలిషాపుకు వెళ్లి, నెరుస్తోందని మీసం తీయించుకుని వచ్చాడు. ఆయన ఇంట్లోకి వచ్చినా చప్పుడు చెయ్యడు. దాడులకు వెళ్లిన రోజుల అలవాటు అది. ముందు గదిలో కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతున్న హైమావతి తలెత్తి చూసి, పైట సర్దుకుని లేచి నిలబడింది.

"సారు బయటకెళ్లారండీ. వచ్చీస్తారు. కూర్చోండి, కాఫీ తెస్తాను" అంది.

కొండలరావు కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో ఆయనకే తెలియలేదు. పరిహాసం అనుకుందామంటే, ఆ ఇంట్లో ఆయనతో పరిహాసాలాడే అలవాటు ఎవరికీ లేదు. ఆమె వచ్చినవాళ్లకిచ్చే పింగాణీ కప్పులో కాఫీ తెచ్చి, ఏ ఊరు మీది అని మర్యాదగా అడిగింది. ఆయన నరసన్నపేట అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమె ముఖంలో రంగు పోయింది. మీసం ఏదండీ అని అడిగి, ఎదురు కుర్చీలో కూలబడి, మొదటినుంచీ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఇన్నాళ్లుగా తనను మీసాన్ని బట్టి గుర్తుపడుతోందని కొండలరావుకు అప్పుడు తెలిసింది. ఎన్నో నేరాలు ఆరా తీసినవాడికి తన ఇంట్లో జరుగుతున్నది తెలియలేదని ఆయనకు బాధ కలిగింది. ఆ కాఫీ చల్లారిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు జప్తుకు వెళ్తున్నవాడిలా ఆమెను వెంటబెట్టుకుని ప్రయోగశాలకు వెళ్లాడు. ఇందుమతి పరీక్షలు చేసింది. ఫోటోలు చూపించింది. హైమావతి భర్తను గుర్తుపట్టలేదు. పెళ్లినాటి తన ఫోటో చూసి, ఎవరీ పిల్ల, కళ్లు బాగున్నాయి అంది. తరవాత తెర నిండా తాబేళ్ల బొమ్మలు పెట్టి చూపిస్తే, అన్నిట్లోనూ కూర్మారావును రెప్పపాటులో వేలు పెట్టి చూపించింది. ఇందుమతి లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఇది ఇక్కడితో ఆగదు. ఇప్పుడు ముఖాలు పోతున్నాయి, రేపు గదులూ దారులూ పోవచ్చు, మూర్ఛలు కూడా రావచ్చు. ఆపాలంటే కూర్మారావుకు పోవడం నేర్పాలి. పోయిన ముఖాలు తిరిగొస్తాయా అని కొండలరావు అడిగితే, చెప్పలేనంది.

 హైమావతి తెర మీది కూర్మారావు కేసి చూస్తూ అంది:

"అందరి ముఖాలూ పోనాయి డాక్టరమ్మా. చూడగానే ఈడు ఫలానా అని నాకు తెలిసే ముఖం ఇప్పుడు వీడొక్కడిదే. వీడ్ని కూడా తీసీమంటున్నారు."

ఇందుమతి తెర ఆపేసింది.

కొన్నాళ్లు వాళ్లు మామూలు ఉపాయాలు చేసి చూశారు. కుక్కరు అటకెక్కింది, అన్నం గిన్నెలో వండారు. కానీ అపార్ట్‌మెంటులో అందరి వంటిళ్లూ గాలి కోసం వదిలిన ఒకే సందులోకి తెరుచుకుంటాయి. పొద్దున ఆఫీసుల వేళకు కింది నుంచి పై దాకా కుక్కర్లు వంతులేసుకుని కూసేవి. చెవుల్లో దూది పెట్టుకుని బయటకు వెళ్తే, జంక్షన్లో ట్రాఫిక్ కానిస్టేబులు ఈల ఊదగానే కారులో ముందు సీటు మీద తాబేలు కానిస్టేబులు తేలాడు. శ్రావణ శుక్రవారం నాడు ముత్తయిదువులందరూ వచ్చి వెళ్లాక హైమావతి హాల్లో కూలబడి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. నోట్లోంచి నురగ వచ్చింది. తెలివి వచ్చాక ఆమే అంది, ఇక పంపించేద్దామని. ఆ మాటంటున్నప్పుడు భర్త కేసి కాకుండా గుమ్మం కేసి చూసింది.

కూర్మారావును గీసినవాడు తవిటినాయుడు. శ్రీకూర్మం పక్క ఊరివాడు కాబట్టే తాబేలుకు ఆ పేరు పెట్టుకున్నాడు. సంగతి విని, కూలీ లేకుండా రాత్రింబవళ్లు కూర్చుని పోక సీను గీశాడు. కూర్మారావు టోపీ సర్దుకుని, "ఎల్లొస్తానమ్మా" అని చెప్పి గుమ్మం దాటుతాడు, వెనక గుడిగంట మోగుతుంది. హైమావతి చాలా రోజులు తీగల టోపీ పెట్టుకుని ఆ సీను చూసింది. ప్రయోగశాలలో గంట కొట్టినప్పుడల్లా అతను వెళ్లిపోయాడు. ఇంటికి రాగానే పక్కింటి కుక్కరు కూసింది, వచ్చేశాడు. తవిటినాయుడు ఏడుపు మొహం పెట్టాడు.

"ఎల్లొస్తానన్నాడు కదా బాబూ, వచ్చాడు. మనోళ్లెవరైనా పోతానని చెప్పి పోతారేటి?" అని హైమావతి అతన్ని ఓదార్చింది.

అసలు కారణం ఇందుమతి చెప్పింది. నిన్న నేర్చుకున్న గంటకు ఏడాదిగా పాతుకున్న ఈలను పెకలించే బలం లేదు. ఇక అయిపోయింది అని ఈమె మెదడుకు పూర్వం నుంచీ, లోతుగా తెలిసిన చప్పుడొకటి కావాలి. 'కట్' అనే మాట పనికొస్తుందా అని దర్శకుడు ఫోనులో అడిగాడు. హైమావతి తల అడ్డంగా ఊపింది. కట్ తరవాత ఎప్పుడూ ఇంకో టేకు ఉంటుంది.

ఆ తరవాత ఆమె, ఎవరినీ అడుగుతున్నట్టు కాకుండా, ఈ సినిమాకు గుమ్మడికాయ ఎప్పుడు కొట్టారు అంది.

ఇందుమతికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. తవిటినాయుడు చెప్పాడు. సినిమా మొదలుపెట్టే రోజు కొబ్బరికాయ కొడతారు, షూటింగు ఆఖరి రోజు ఆఖరి షాటు అయ్యాక గుమ్మడికాయ కొడతారు. గుమ్మడికాయ పగిలిందంటే ఆ సినిమాలో ఎవరి వేషానికీ ఇక పని లేదు. మేకప్పు తుడుచుకుని ఇళ్లకు పోతారు. హైమావతి మొదటి సినిమా నుంచీ ప్రతి గుమ్మడికాయ దగ్గరా నిలబడింది. వేషం చిన్నదైనా సరే, తన పని ముందే అయిపోయినా సరే, ఆ రోజుకు మళ్లీ వచ్చేది. 'అద్దెకు బొమ్మలు'కు మాత్రం మిగతా పనంతా బొమ్మలదేనని ఆమెను ముందే పంపేశారు. గుమ్మడికాయ కొట్టేటప్పుడు కబురు చెయ్యడం మరిచిపోయారు.

"నాకూ వీడికీ ఇంకా షూటింగు అవ్వనేదు డాక్టరమ్మా" అంది హైమావతి.

ఇందుమతి నవ్వలేదు. తను వెతుకుతున్న చప్పుడు అదేనని ఆవిడకు అర్థమైంది.

స్టూడియోలో పాత గుమ్మం సెట్టు మళ్లీ నిలబెట్టారు. హైమావతి యజమానురాలి చీరే కట్టుకుని వచ్చింది. జుట్టు కింద టోపీ తీగలు కనపడకుండా సర్దారు. పక్క బల్ల మీద తెరలో ఆమె మెదడు గీతలు కదులుతున్నాయి. పసుపు కుంకుమలు పూసి, కర్పూరం వెలిగించి, పెద్ద గుమ్మడికాయ సిద్ధం చేశారు. కొట్టవలసింది ప్రొడక్షన్ మేనేజరు. మా ఆయన కొడతారు అని హైమావతి భర్తను చూపించింది. నిజానికి గొంతు వినపడిన వైపు చూపించింది. తనకు ఇలాంటి వాటి మీద నమ్మకం లేదని కొండలరావు అన్నాడు. అంటూనే చెప్పులు విడిచి వచ్చి గుమ్మడికాయ ఎత్తుకున్నాడు.

ఈల ఊదారు. హైమావతి చూపు గుమ్మంలో మోకాలి ఎత్తున ఆగింది. "దొంగ ఎల్లిపోనాడు గానీ..." అని మొదలుపెట్టి, కాఫీ మాట దగ్గరకు వచ్చేసరికి ఆమెకు ఏడుపు వచ్చేసింది. ఎన్ని సినిమాల్లో ఎంతమంది కొడుకులను పోగొట్టుకున్న వేషాలు వేసిందో గానీ, గ్లిసరిన్ లేకుండా ఆమె ఏడవడం ఆ సెట్లో అంతకుముందు ఎవరూ చూడలేదు. కొండలరావు గుమ్మడికాయను గడప ముందు బలంగా కొట్టాడు. అది పగిలిన చప్పుడు ఫ్లోరంతా వినిపించింది.

తెరలో గీతలు ఒక్కసారి ఎగిరిపడి, నెమ్మదిగా దిగడం మొదలుపెట్టాయి.

అతనేం చేస్తున్నాడని ఇందుమతి మెల్లగా అడిగింది. టోపీ తీశాడు, ఈల మెడలోంచి తీసి టోపీలో వేశాడు, తిరిగాడు, నడుస్తున్నాడు అని హైమావతి ఒక్కొక్కటే చెప్పింది. తాబేలు నడక. గుమ్మం నుంచి సెట్టు చివరకు ఎంతో దూరం లేదు గానీ అతను దాటడానికి చాలాసేపు పట్టింది. లైట్‌బాయ్‌లు, మేనేజరు, డాక్టరు, అందరూ కనపడనివాడికి దారిచ్చి ఒద్దికగా నిలబడ్డారు. టీ తెచ్చినవాడు కూడా గ్లాసులు పట్టుకుని అలాగే ఆగాడు. 

"మీ దగ్గర ఆగాడండీ. సెల్యూట్ కొడుతున్నాడు మీకు" అంది హైమావతి.

కొండలరావు మడమలు కలిపి, నిటారుగా నిలబడి, బదులు సెల్యూట్ చేశాడు. కింది ఉద్యోగి సెల్యూట్ చేస్తే అందుకోకపోవడం డిపార్ట్‌మెంటులో లేదు. ఆయన ఏ తీగల టోపీ పెట్టుకోలేదు, ఏ బొమ్మా చూడలేదు. అయినా ఆయన చూపు సరిగ్గా మోకాలి ఎత్తున, ఎక్కడుండాలో అక్కడే ఉందని తవిటినాయుడు గమనించాడు. ఇన్ని అయస్కాంతాలు లేకుండా అది ఎలా కుదిరిందా అని అతను తరవాత చాలా రోజులు ఆలోచించాడు.

"ఎల్లిపోనాడు" అంది హైమావతి. గీతలు పడుకున్నాయి.

ఆ తరవాత మూర్ఛ రాలేదు. దారులు, గదులు పోలేదు. కుక్కరు అటక దిగింది. ముఖాలు మాత్రం తిరిగి రాలేదు. ఇందుమతి నెలనెలా ఫోటోలు చూపించి, నెలనెలా అదే ఫలితం చూసింది. ఆవిడ టోపీలన్నిటినీ స్టూడియో నుంచి వెనక్కు తీసేసుకుంది. దర్శకుడు మళ్లీ పచ్చబంతుల కోసం గోదాము తాళం తీయించాడు. పిల్లలు కూర్మారావు బొమ్మ ఉన్న పెన్సిలు డబ్బాలు కొనుక్కుంటున్నారు, రెండో భాగంలో అతని వేషం పెంచుతారని వినికిడి.

ఇంట్లో కొండలరావు మళ్లీ మీసం పెంచాడు. అది పూర్తిగా తెల్లగా వచ్చింది, ఆమెకు ఆనవాలు దొరకలేదు. చప్పుడు చెయ్యకుండా నడిచే అలవాటు ఈ వయసులో ఆయనకు వదలడం లేదు. ఆయన గదిలోకి వచ్చినప్పుడల్లా హైమావతి ఉలిక్కిపడి లేచి, పరాయి మగవాడి ముందు సర్దుకున్నట్టు పైట సర్దుకునేది. ఆయన మాట్లాడాక సర్దుకున్నందుకు సిగ్గుపడేది. ఆ సిగ్గు చూడటం ఆయనకు మహా కష్టంగా ఉండేది. గొంతు సవరించి చూశాడు. దగ్గి చూశాడు. దగ్గు ఎవరికైనా వస్తుంది.

ఒక ఉదయం కుక్కరు మూడు కూతలు వేసింది. గుమ్మంలోకి ఎవరూ రాలేదు. హైమావతి పొయ్యి కట్టేసి, గరిట పట్టుకుని, ఎందుకో అటే చూస్తూ కాసేపు నిలబడి మళ్లీ పనిలో పడింది. కొండలరావు హాల్లోంచి అది చూశాడు. పేపరు మడిచి పక్కన పెట్టాడు. వంటింటి దాకా నడిచి గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి నీడ పడేసరికి ఆమె ఇటు తిరిగి, ఎవరో వచ్చారని పైట మీదకు చెయ్యి పోనిచ్చింది.

కొండలరావు ఉద్యోగంలో చేరిన నాడు వదిలేసిన యాసను వెతుక్కున్నాడు. అది ఎక్కడికీ పోలేదు.

"వచ్చీసాను" అన్నాడు.

హైమావతి చెయ్యి పైట దగ్గర ఆగిపోయింది. ఆమె చూపు అలవాటుగా ముందు మోకాలి ఎత్తుకు దిగింది. అక్కడ ఎవరూ లేరు. ఆ చూపు నెమ్మదిగా పైకి లేచి, పంచె కుచ్చిళ్లు, బనీను, తెల్లమీసం దాటి, ఆయన కళ్ల దగ్గర కుదురుకుంది.

"దొంగ ఎల్లిపోనాడు గానీ, కూర్చోండి" అంది. "కాఫీ తాగుదురు గాని."